బొబ్బిలి స్తంభం దగ్గర పిల్లలు గొడవపడ్డారు. చెప్పడం నా తప్పేనా?

కంటోన్మెంట్ మాస్టారు

నేను రిటైరైన సోషల్ మాస్టారిని, విజయనగరం. ఎనిమిది నుంచి పదో తరగతి చదివే మా వీధి పిల్లల్ని ఇరవై మంది దాకా పోగేసి, ఆదివారాల్లో జిల్లాలో ఏదో ఒకటి చూపించుకొస్తుంటాను. రామతీర్థంలో గురుభక్తుల కొండ ఎక్కించాను, గురజాడ వారి ఇల్లు చూపించాను. అంతవరకు ఎవరికీ ఏ పేచీ లేదు. పోయిన ఆదివారం రైల్లో బొబ్బిలి తీసుకెళ్ళాను. చిక్కు అక్కడ వచ్చింది.

యుద్ధ స్తంభం నీడలో కూర్చుని పులిహోర తింటుంటే కథ మొదలుపెట్టాను. 1757 జనవరి 24. ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి కోట మీద పడ్డాడు. ఆయన పక్కన ఉన్నది మన విజయనగరం రాజు పెద విజయరామరాజుగారు. కోట ఇక నిలవదని తెలిశాక లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి రాజుగారిని పొడిచి చంపాడు. చెప్పడం అయ్యిందో లేదో, ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు "అయితే మనవాళ్ళే విలన్లా మాస్టారూ?" అన్నాడు. పక్కవాడి అమ్మమ్మగారిది బొబ్బిలి. "కాకపోతే?" అన్నాడు వాడు. అంతే, పులిహోర పొట్లాలు గాల్లోకి లేచాయి.

సాయంత్రానికి ఒక తండ్రి ఫోను. "చూపించండి చాలు, తగువులు నేర్పకండి" అని. అడుగుతున్నాను, ఇలాంటివి పిల్లలకు చెప్పాలా, లేక గోడలు చూపించి ఫొటోలు తీయించి తీసుకొచ్చేయాలా?

రింగురోడ్డు నాన్న

ఆ ఫోన్ చేసింది నేనే మాస్టారూ. దాపరికం ఏముంది.

మావాడు ఇంటికొచ్చి వాళ్ళ తాతతో "మన రాజు తెల్లవాళ్ళని పిలిచి పక్క ఊరివాళ్ళని చంపించాడట" అన్నాడు. మా నాన్న రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. చరిత్ర దాచమని నేను అనను. కానీ పిల్లాడికి సొంత ఊరి గురించి మొదట తెలియాల్సింది ఇదేనా? 1713లో కట్టిన కోట ఇంటికి కూతవేటు దూరంలో ఉంది, ఎప్పుడైనా లోపలికి తీసుకెళ్ళారా? 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగా చేసిన చోటు, ద్వారం వారు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. మరి పద్మనాభం? 1794 జూలై 10న అక్కడ కంపెనీ సైన్యంతో పోరాడుతూ ప్రాణం విడిచిన చిన విజయరామరాజుగారిదీ ఈ ఊరే కదా. అది చెప్పకుండా బుస్సీ కథ ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. ముందు అభిమానం కలగనివ్వండి, తగువు తర్వాత చూసుకోవచ్చు.

వేగావతి గట్టు

మాది బొబ్బిలి. నాన్నగారూ, మీ బాధ అర్థమైంది, కానీ మావాళ్ళేదో పూర్తి కథ చెబుతున్నారనుకోకండి. మా ఇళ్ళలో పాపారాయుడి పేరు ఎత్తగానే ఒళ్ళు పొంగుతుంది, నాక్కూడా. కానీ తగువు ఎక్కడ మొదలైందని అడగండి, ఒక్కరూ చెప్పరు. ఆ శతాబ్దంలోనే రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషాయన ఈ యుద్ధం గురించి రాశాడు. బొబ్బిలి వాళ్ళు ఏటి నీళ్ళు తమవైపు మళ్ళించుకునేవాళ్ళనీ, విజయనగరం రాజుకు అది మంటగా ఉండేదనీ అందులో ఉంది. పొలం గట్టు మీద నీళ్ళ తగువు లాంటిదే, ఇంకాస్త పెద్దది. ఈ ముక్క నేను చదివింది ముప్పై ఐదేళ్ళ వయసులో. అప్పటిదాకా మావాళ్ళు ఏ పాపమూ ఎరుగరనుకున్నాను.

మాస్టారూ, మీరు చెప్పడంలో తప్పు లేదు, చెప్పిన తీరులోనే ఉంది. పులిహోర తింటుండగా అరగంటలో తేల్చేసే కథ కాదది. ఈసారి వచ్చినప్పుడు మీ విజయనగరం పిల్లలకు బొబ్బిలి పక్షం ఇవ్వండి. అమ్మమ్మది బొబ్బిలి అన్నవాడికి విజయరామరాజు పక్షం ఇవ్వండి. వారం ముందే చెప్పి, ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మనండి. తాతగారు మాట్లాడటం మానేయరు, మనవడే వచ్చి అడుగుతాడు కనక.

అన్నట్టు గొల్లపల్లి వెళ్ళారా? బొబ్బిలి దాకా వచ్చి వీణ చూడకుండా పోతే ఎలా. వీణంతటినీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. నా చిన్నప్పుడు మా మావయ్య తీసుకెళ్తే, ఆ చెక్కపొట్టు గుప్పెడు జేబులో వేసుకొచ్చాను. ఉతికినా నాలుగు రోజులు చొక్కా పనస వాసన. యుద్ధం తేదీ మాత్రం పరీక్షకి రెండుసార్లు చదివి రెండుసార్లూ మరిచిపోయాను.

ఇంటర్ సెకండియర్

నేను ఏటా దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూస్తాను. మా పెద్దమ్మ వాళ్ళ మేడ మీద నుంచి. మాను చివర కూర్చున్న పూజారిగారు కోట దాకా మూడుసార్లు వెళ్ళి రావడం, జనం అరటిపళ్ళు విసరడం, అంతా తెలుసు. పైడితల్లమ్మ విజయరామరాజుగారి చెల్లెలని, బొబ్బిలి మీద యుద్ధం వద్దని అన్నగారిని బతిమాలిందని కథ ఉన్నట్టు మాత్రం నిన్న రాత్రి ఈ చర్చ చదివి అమ్మని అడిగితే తెలిసింది. అన్న చనిపోయాక పెద్ద చెరువులో కలిసిపోయిందట. పద్దెనిమిదేళ్ళొచ్చాయి నాకు, ఇప్పుడా చెప్పడం?

అంకుల్, మీరు అభిమానం ముందు, తగువు తర్వాత అన్నారు. మన ఊళ్ళో అందరికంటే ఎక్కువగా కొలిచే అమ్మవారే ఆ యుద్ధం వద్దన్న మనిషి. ఇక దాచేది ఏముంది?

గచ్చిబౌలి బాబు

పిల్లలు ఇవన్నీ వినరు బాసూ. కోట మీద డ్రోన్ షాట్లు, ముప్పై సెకన్ల రీలు, వెనక మంచి బీట్. అప్పుడు చూస్తారు.

ఇంటర్ సెకండియర్

చూస్తాం అన్నా, తర్వాత వంకాయ కూర రీలు చూస్తాం.

పొందూరు కోడలు

ఏటండీ ఇది, రాజులు, రాజుల తమ్ముళ్ళు, వాళ్ళ తగువులు! మా శ్రీకాకుళం వాళ్ళకి చరిత్ర లేదా? మందస జమీందారీలో 1940లో అడవి కట్టెల కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నిండు గర్భిణి వీరగున్నమ్మ అందులోనే పోయింది. మా ఆడపిల్లల్లో ఎందరికి తెలుసు ఆ పేరు? ఆగస్టు 29న బళ్ళో తెలుగు భాషా దినోత్సవం అని పంచెలు కట్టిస్తారు. గిడుగు రామమూర్తిగారు పుట్టింది శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో అని చెప్పరు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. అది చెబితే ఏ రెండు ఊళ్ళూ కొట్టుకోవు.

ఇంకొకటి. చూసొస్తే సరిపోదు, చేతికి పని ఉండాలి. మా అత్తగారు ఖద్దరు నూలు వడుకుతారు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్న పళ్ళు దువ్వెన కంటే బాగా పనిచేస్తాయి. మా ఆడపడుచు కూతురు హైదరాబాదు నుంచి వచ్చి, ఛీ చేపా అంది. గంట తర్వాత చూస్తే అదే దవడ పట్టుకుని కూర్చుంది, లేవదు.

రింగురోడ్డు నాన్న

అమ్మవారి మాట నాకు తట్టలేదమ్మా, ఒప్పుకుంటున్నాను. వేగావతి గారూ, నీళ్ళ సంగతి మా నాన్నకి చదివి వినిపించాను. "మరి అదీ!" అన్నారు, మనవడితో మాటలు కలిశాయి.

కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోను. కోటలో ఆడవాళ్ళనీ పసిపిల్లల్నీ చంపుకున్న సంగతి. మావాడికి పదమూడేళ్ళు, చెల్లెలికి ఆరు. ఆ రాత్రి వాడు దాని పక్కన పడుకున్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. దాన్ని వీరత్వం అని చెప్పారా, ఘోరం అని చెప్పారా మాస్టారూ?

కంటోన్మెంట్ మాస్టారు

ఏదీ చెప్పలేదు. జరిగింది చెప్పి ఊరుకున్నాను. మా చిన్నప్పుడు ఆ ఘట్టం వస్తే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుని శభాష్ అనేవాళ్ళు. నాకు శభాష్ అనబుద్ధి కాలేదు, ఘోరం అనడానికి ఆ స్తంభం ముందు నోరు రాలేదు. మీ అబ్బాయితో నేను మాట్లాడతాను. ఇంటికి రానా?

వేగావతి గట్టు

మాలో కూడా దానికి ఒక్క మాట లేదు మాస్టారూ. మా అమ్మ ఆ భాగం వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

రింగురోడ్డు నాన్న

రండి మాస్టారూ. భోజనానికి రండి. ఈసారి బొబ్బిలికి నేనూ వస్తాను, ఏ పక్షం ఇచ్చినా సరే.

కంటోన్మెంట్ మాస్టారు

బొబ్బిలి వచ్చే నెల. పక్షాలు వేగావతి గారు చెప్పినట్టే పంచుతాను. ఈలోగా పొందూరు వద్దామనుకుంటున్నాం. కోడలుగారూ, ఇరవై మందిమి, ఈ ఆదివారం వీలవుతుందా?

పొందూరు కోడలు

అత్తగారిని అడిగాను, రమ్మన్నారు. కానీ ఇరవై మంది ఒకేసారి వద్దు. ఐదుగురు చొప్పున, గంటకొకసారి. మిగతావాళ్ళు చెరువు గట్టున కూర్చోవాలి. చేప దవడలు మా ఇంట్లో రెండే ఉన్నాయి, వరండా చిన్నది.