సాన పట్టడమా, సాన పెట్టడమా?

"కత్తికి సాన పెట్టడం, సాన పట్టడం, ఏది సరైనది?" అని నిన్న ఒకరు అడిగారు. రెండూ వాడుకలో ఉన్నాయి. నా ఓటు మాత్రం "పట్టడం"కే.

తెలుగులో చాలాచోట్ల పనిముట్టు పేరు పక్కన "పట్టు" చేరుతుంది. చెక్కను చిత్రిక పడతాం, పిండిని జల్లెడ పడతాం, గోధుమలు మర పట్టిస్తాం. ఆ పని వల్ల వచ్చేదాని పేరు పక్కన "పెట్టు" వస్తుంది. ఉలికి పదును పెడతాం, కొడవలికి కక్కు (పళ్ళు) పెట్టిస్తాం, రోటికి గంట్లు పెట్టిస్తాం. సాన అంటే రాయి, పదును కాదు. కాబట్టి "సాన పెట్టు" అనేది "పదును పెట్టు"ను చూసి పుట్టిందని నా నమ్మకం. అంతమాత్రాన తప్పు అనను.

సంస్కృత "శాణ"మే మన సాన. భర్తృహరి నీతిశతకంలో "మణిః శాణోల్లీఢః" అని మొదలయ్యే శ్లోకం ఉంది. అరిగి సన్నబడినా శోభ తగ్గని వాటిని వరుసగా చెబుతూ, సాన మీద అరిగిన మణిని అన్నిటికంటే ముందు పెట్టాడు. నూరడం మాత్రం అచ్చతెలుగు మాట. పచ్చడి నూరినా, కత్తి నూరినా, కోపంతో పళ్ళు నూరినా అదే.

నాకు ఈ మాటలన్నీ మా తాతయ్య దగ్గర అబ్బినవే. ఆయన వడ్రంగి. ఉలి నూరే ముందు గరుకు రాయిని నీళ్ళ బకెట్లో వేసేవాడు. రాయిలోంచి బుడగలు వస్తున్నంతసేపు ముట్టుకోనిచ్చేవాడు కాదు. పది పదిహేను నిమిషాలకు బుడగలు ఆగితే "రాయి పదునైంది, తీయి" అనేవాడు. వానపడ్డాక రైతు "నేల పదునైంది, విత్తొచ్చు" అంటాడే, ఆ పదును. తగినంత తడి అన్నమాట. రాయికి తడి పదును, ఉలికి అంచు పదును. ఒక్క మాట రెండు పనులూ చేసేది.

పని అయ్యాక రాయి మీది మడ్డి కడిగి, నీడలో అంచు మీద నిలబెట్టేవాడు. ఎండలో పెడితే పైన ఒకలా, లోపల ఒకలా ఆరి పగుళ్ళు వస్తాయి. తడిగానే పెట్టెలో మూసేస్తే బూజు పడుతుంది. నీళ్ళ రాయి మీద నూనె చుక్క పడితే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. రంధ్రాల్లో నూనె చేరితే ఆ రాయి మళ్ళీ నీళ్ళు సరిగ్గా తాగదు. అందుకే నూనె వేసి నూరే రాయిని వేరే గుడ్డలో చుట్టి ఉంచేవాడు.

*

(ఒకరి వ్యాఖ్య) గంధం తీసే రాయినీ సాన అనే అంటాం కదండీ. మా ఇంట్లో అమ్మమ్మ నాటి గంధం సాన ఇప్పటికీ ఉంది. దాన్ని కత్తి దగ్గరికి రానిచ్చేవారు కాదు. "సాన మీద గంధం అరగదీయి" అనేవారే గానీ "సాన పట్టు" అనడం నేను వినలేదు.

*

(మరొకరి వ్యాఖ్య, బెంగళూరు నుంచి) కన్నడంలో "సాణె హిడి" అంటారు. హిడి అంటే పట్టుకోవడమే. మా పక్కింటి చెన్నైవారు తమిళంలో "శాణై పిడి" అంటారు, అక్కడా పట్టుకోవడమే. మీ వాదనకు బలం.

*

(నా జవాబు) బెంగళూరు వారికి చాలా థ్యాంక్స్. మూడు భాషల్లోనూ ఒకే అర్థమున్న క్రియ ఉందంటే "పట్టు" పాతదే అయ్యుండాలి. గంధం సాన సంగతీ బాగుంది. అక్కడ గంధం చెక్క అరుగుతుంది గానీ దానికి అంచు రాదు, అందుకే "పట్టు" కుదరలేదనుకుంటాను.

ఇంకో మాట కోసం వెతుకుతున్నాను. నూరగా నూరగా సాన మధ్యలో గుంట పడుతుంది. ఆ రాయి మీద ఉలి అంచు తిన్నగా రాదు. అప్పుడు గాజు పలక మీద తడి గరుకు కాగితం పరిచి, రాయి మీద పెన్సిల్ గీతలు గీసి, అవన్నీ చెరిగేదాకా రుద్దాలి. తాతయ్య దీన్ని "రాయి సాపు చేయడం" అనేవాడు. రోటికి గంట్లు పెట్టించడానికి ఇది సరిగ్గా ఎదురు పని. దానికి గరుకు కావాలి, దీనికి చదును కావాలి. మీ వైపు వడ్రంగులు, కమ్మరులు, మంగలివారు దీన్ని ఏమంటారు? జిల్లా పేరుతో సహా రాయండి.