అమ్మమ్మ చేతిరాత మారిపోయింది, ఏ పుస్తకం చదవాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు తుఫానులో మా పెద్దమామయ్య పోయాడు. మొన్న అటక దులుపుతుంటే రేకుపెట్టెలో అమ్మమ్మ రాసిన ఖర్చుల పుస్తకం దొరికింది. తుఫానుకి ముందు పేజీల్లో అక్షరాలు ముత్యాలే. ఆ తర్వాత గీత దాటి కిందకి జారిపోయాయి, తలకట్లు కూడా సరిగ్గా పడలేదు. ఒకచోట 'కొబ్బరికాయలు 200' పక్కన మామయ్య పేరు రాసి కొట్టేసింది. అక్కడ కాగితం చిరిగింది.

చేతిరాత చూసి స్వభావం చెప్పే గ్రాఫాలజీకి గట్టి శాస్త్రీయ ఆధారం లేదని తెలుసు. కోర్టుల్లో సంతకాలు పోల్చే పని వేరు. నాకు జాతకం అక్కర్లేదండీ. దుఃఖం, వయసు, చేతివణుకు రాతను ఎలా మారుస్తాయో చెప్పే పుస్తకాలు కావాలి. ఇంటి విషాదాన్ని పాత కాగితాల్లోంచి రాసిన రచయితలున్నా చెప్పండి. తెలుగులో అయితే మరీ మంచిది. అన్నట్టు, సిరా పాలిపోతోంది. ఫోన్‌లో ఫోటోలు తీస్తే సరిపోతుందా, స్కాన్ చేయించాలా?