టెన్త్ పిల్లాడికి గ్రౌండ్ అవసరమా?

గాజువాక అమ్మ:
మా వాడు టెన్త్‌కి వచ్చాడు. ఖోఖో ఆడతాడు. ఈ ఏడాది మానిపించమని ట్యూషన్ మాస్టారు. ఆటలతోనే క్రమశిక్షణ, ధైర్యం వస్తాయని పీఈటీ సార్. నిజంగా వస్తాయా, లేక ఊరికే అనే మాటా?

స్టీల్‌ప్లాంట్ బాబాయ్:
ఊరికే అనే మాటే అమ్మా. అంపైర్‌తో గొడవ, వయసు తగ్గించిన సర్టిఫికెట్లు, ఓడితే బూతులు... మా కాలనీ కుర్రాళ్లు ఇవన్నీ నేర్చుకున్నది గ్రౌండ్‌లోనే.

మద్దిలపాలెం కోచ్:
బాబాయ్ గారి మాట కొట్టిపారేయలేం. ఆడించేవాడు నేర్పితేనే ఆట నేర్పుతుంది. ఖోఖోలో ఎనిమిది మంది ఒకరు ఇటు, పక్కవాడు అటు తిరిగి కూర్చుంటారు. అవతలివాడు చేతికందేంత దగ్గర్లోంచి పోతున్నా, వెనక నుంచి ‘ఖో’ వినపడేదాకా లేవకూడదు. లేస్తే ఫౌల్. అప్పుడు కోచ్ "వెధవా" అని అరిస్తే పిల్లాడికి వచ్చేది భయమే. "ఎందుకు తొందరపడ్డావ్? పరీక్షలోనూ ప్రశ్న సగం చదివి రాసేస్తావా?" అని కూర్చోబెట్టి అడిగితే ఆలోచిస్తాడు. నేను కెప్టెన్సీ వంతులవారీగా ఇస్తా, కోన్లు సర్దే పని కూడా అంతే. బాగా ఆడేవాడికి మినహాయింపు లేదు. (గొడవకొచ్చేది వాళ్ల నాన్నలే!)

బీచ్‌రోడ్ వాకర్:
మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. 2020లో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తిచేస్తే, డోప్ టెస్ట్ జరగలేదని జాతీయ రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డు ఇవ్వరు, 2.1 ఉందని అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు కొట్టింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తుపాకీ పేలకముందే కదిలింది (ఫాల్స్ స్టార్ట్) పక్క లేన్ చైనా అమ్మాయి అయితే, ఈమెనూ బయటికి పొమ్మన్నారు. ట్రాక్ మీదే అధికారులతో వాదించి పరుగెత్తింది, రజతం తెచ్చుకుంది. ఆ గొంతు పుస్తకాలతో వస్తుందా?

స్టీల్‌ప్లాంట్ బాబాయ్:
అమ్మాయి గొప్పదే, కాదనను. కానీ టెస్ట్ చేయించాల్సింది ఎవరు? పెద్దలు పని ఎగ్గొట్టి, పిల్లకి ఓర్పు వచ్చిందని మురిసిపోదామా? అయినా ఆ స్థాయికి వెళ్లేది ఎంతమంది?

గాజువాక అమ్మ:
మా వాడికి పతకాలొద్దండీ, నలుగురిలో నోరు విప్పితే చాలు. ప్రాక్టీసు ఏడింటి దాకా, ట్యూషన్ ఆరింటికి. ముందు దీనికి దారి చెప్పండి.

మద్దిలపాలెం కోచ్:
ప్రాక్టీసుకి వారానికి మూడు రోజులే వస్తానని పీఈటీ సార్‌ని అడగాలి. మీరు వెళ్లకండి, వాడినే పంపండి.

స్టీల్‌ప్లాంట్ బాబాయ్:
దీనికి మాత్రం ఒప్పుకుంటా. సార్ ఏమన్నాడో ఇక్కడ రాయమ్మా.