అప్‌డేట్: 60 క్లస్టర్లా, 120 క్లస్టర్లా?

1200 ఇళ్ల సర్వేకి 60 క్లస్టర్లలో (ఒకే ప్రాంతంలోని ఇళ్ల గుంపుల్లో) 20 చొప్పున తీసుకోవాలా, 120 క్లస్టర్లలో 10 చొప్పునా అని ఇక్కడ అడిగాను. సమాధానం ఇచ్చిన అందరికీ థాంక్స్. 120కే వెళ్తున్నాం.

మీరు చెప్పినట్టే ముందు పాత సర్వే డేటా తీసి, ఒకే క్లస్టర్‌లోని ఇళ్లు ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉన్నాయో (రో విలువ) లెక్కించాం. సుమారు 0.05 వచ్చింది. చూడ్డానికి చిన్న అంకే, కానీ సర్వే గణాంక నిపుణుడు లెస్లీ కిష్ సూత్రంలో, అంటే 1 + (ఎం − 1) × రోలో పెడితే అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడ ఎం అంటే ఒక్కో క్లస్టర్‌లోని ఇళ్ల సంఖ్య. 20 ఇళ్లైతే డిజైన్ ఎఫెక్ట్ (క్లస్టర్ల వల్ల అంచనా వేరియన్స్ ఎన్ని రెట్లవుతుందో చెప్పే ఆ సూత్రం ఫలితం) 1.95. అంటే 1200 ఇళ్లు తిరిగినా దక్కేది సాధారణ యాదృచ్ఛిక నమూనాలో 615 ఇళ్లంత సమాచారమే! 10 ఇళ్లైతే 1.45, దాదాపు 828 ఇళ్లతో సమానం. 50 శాతం దగ్గరుండే అంచనాకి 95 శాతం నమ్మకంతో మార్జిన్ (అటూ ఇటూ ఉండగల తేడా) సుమారు 4 నుంచి 3.4 శాతానికి తగ్గుతుంది. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది, అది ఒప్పించడానికి ఈ లెక్కే సరిపోయింది.

విశ్లేషణ ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని సర్వే ప్యాకేజీలో చేస్తాం. స్ట్రాటా (నమూనా తీసే ముందు జనాభాని విడగొట్టిన వర్గాలు), క్లస్టర్, వెయిట్ (ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకి ప్రతినిధో చెప్పే అంకె) కాలమ్‌లు డేటా ఫైల్‌లో ముందే పెట్టించాం. ఇవి పోతే తర్వాత స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలత) సరిగ్గా కట్టడం కుదరదు, అందుకే దీని మీద గట్టిగా పట్టుబట్టాను.

ఇంకా తేలనిది ఒకటే: స్పందించని ఇళ్లకి వెయిట్ సవరణ క్లస్టర్ వారీగా చేయాలా, స్ట్రాటా వారీగానా? క్లస్టర్‌కి 10 ఇళ్లే కాబట్టి నేను స్ట్రాటా వైపే మొగ్గుతున్నాను.