ఇంట్లో బోన్సాయ్‌ని ఫోటో తీయడం: మీ అనుభవాలు చెప్పగలరా?

కొత్తచిగురు:
ఆరేళ్ళుగా పెంచుతున్న నా జువ్వి బోన్సాయ్ కంటికి ముదురు చెట్టులా కనిపిస్తుంది గాని, ఫోన్‌తో ఎన్నిసార్లు తీసినా ఫోటోలో మామూలు కుండీ మొక్కలాగే వస్తోంది. ముందుకొమ్మలు ఉబ్బినట్లూ, మాను సన్నబడి వెనక్కి జరిగినట్లూ ఉంటోంది. పైగా గోడ మీద నీడ పడుతోంది. మీరు ఎలా సరిదిద్దుకున్నారు?

జువ్విమాను:
మీరు చెట్టుకు బాగా దగ్గరగా నిలబడి తీస్తున్నారని నా ఊహ. ఫోన్లలోని ప్రధాన లెన్స్ చాలావరకు 24–26 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌తో (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టేదానితో) సమానం కాబట్టి, ఫ్రేమ్ నిండా చెట్టు రావాలంటే అరమీటరు దాకా దగ్గరికి వెళ్ళక తప్పదు. ఆ దూరంలో మానుకంటే 15 సెంటీమీటర్లు ముందున్న కొమ్మ ఎంతో పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగితే ఆ తేడా దాదాపు తెలియదు. ఫోన్‌లో టెలిఫోటో లెన్స్ (దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపేది) ఉంటే దానితో తీయండి. కెమెరా అయితే 85–100 మిల్లీమీటర్ల లెన్స్ నాకు బాగా కుదిరింది.

కెమెరా ఎత్తు ఇంకా ముఖ్యం. పెద్ద చెట్టును మనం నేల మీద నిలబడి చూస్తామే తప్ప పైనుంచి చూడం. అందుకే కుండీలోని మట్టి సన్నని పట్టీలా మాత్రమే కనిపించేంత కిందికి కెమెరాను దించుతాను. వేళ్ళు మానులో కలిసే చోటు, అంటే నెబారి, అప్పుడే బలంగా కనిపిస్తుంది.

కిటికీపక్క:
నీడ సంగతి నేను చెబుతాను. చెట్టును గోడకు కనీసం ఒక మీటరు ముందుకు జరిపి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టండి. చీకటిగా ఉన్న రెండో వైపు తెల్లటి థర్మాకోల్ పలక నిలబెడితే కొమ్మల లోపలి భాగాలు కూడా తేరుకుంటాయి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి, లేకపోతే ఒకే ఆకు రెండు రంగుల్లో కనిపిస్తుంది.

కొత్తచిగురు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు మీటర్ల దూరం నుంచి తీసేసరికి మాను వంపు మొదటిసారి ఫోటోలోకి వచ్చింది, చాలా సంతోషంగా ఉంది. అయితే వెనుక నల్లగుడ్డ కట్టిన తర్వాత ఆకులు వెలిసిపోయినట్లు పడుతున్నాయి.

కిటికీపక్క:
ఫ్రేమ్‌లో నలుపు ఎక్కువైతే వెలుతురు చాలలేదనుకుని కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) పెంచేస్తుంది. దాన్ని ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి చూడండి. తెల్లటి తెర వాడినప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది, అప్పుడు పెంచాలి. ముదురాకుపచ్చ చెట్లు నలుపులో కలిసిపోతాయి కనుక వాటికి బూడిదరంగు కాగితమే మేలని నా అభిప్రాయం.

జువ్విమాను:
కెమెరాతో తీసేవారికి ఇంకొక మాట. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో, మీటరున్నర దూరంలో, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదై, స్పష్టంగా ఉండే లోతు పెరుగుతుంది) దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు 15 సెంటీమీటర్లే. గుబురైన చెట్టుకు అది చాలదు కాబట్టి ఎఫ్/11కు వెళ్ళి, ట్రైపాడ్ మీద, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తాను. షట్టర్ నెమ్మదిస్తుంది గనుక ఫ్యాన్ తప్పకుండా ఆపాలి.

కొత్తచిగురు గారూ, చెట్టూ ట్రైపాడూ ఉన్న చోట్లను నేల మీద టేపుతో గుర్తు పెట్టుకోండి. కత్తిరింపుకు ముందూ తర్వాతా అవే గుర్తుల మీద, అదే లెన్స్‌తో తీస్తే, ఏ కొమ్మ ఎంత లావెక్కిందో పాత ఫోటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.