‘బార’ని మీటర్ల పటంలోకి ఎలా ఎక్కించాలి?

“బారెడు పొద్దెక్కింది” అని అందరం అంటాం కానీ, ఆ బార కడలి మీద కొలత కూడానని ఎంతమందికి తెలుసు? రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక బార. నాలుగు మూరలు, రమారమి ఆరడుగులు. బరువు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, బారలు లెక్కపెడుతూ పైకి లాగితే లోతు తెలిసిపోతుంది. ఇంగ్లీషువాళ్ల ఫాదమ్ కూడా చాచిన చేతుల కొలతే, కాకపోతే దాన్ని 1.8288 మీటర్లని బిగించేశారు.

ఇప్పుడు నా తంటా చెప్తాను. జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్లో పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే మ్యాప్ మీద రెండు లేయర్లు వేస్తున్నాం. ఒకటి మత్స్యకారులు చెప్పిన వేట చోట్లు. రెండోది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సూచనలు, అంటే ఉపగ్రహాలు పంపిన నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ (నీటిలోని నాచు పచ్చదనం) వివరాలు కలిపి చేపలు ఎక్కడ చేరొచ్చో అంచనా కట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఎన్ని మీటర్లు అని చెప్పేవి. మొదటి దాంట్లో లోతంతా బారల్లోనే ఉంది. “20 బారలు” అన్న మాటని సాఫ్ట్‌వేర్ 36.576 మీటర్లు చేసి కూర్చుంది! చెప్పినాయన చేతులకి మిల్లీమీటర్లు ఎక్కడివండీ?

సుజాత: మనిషిని బట్టి మారే కొలత కదా, సుమారుగా మీటర్లు రాసేసి బార తీసేస్తే పోలా?

తీసేయొద్దండీ. ఒక కాలమ్‌లో “20 బారలు” అని చెప్పింది చెప్పినట్టు, పక్క కాలమ్‌లో “సుమారు 37 మీ.” అని ఉండాలి. రేపు ఎవరైనా సోనార్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) కొలతలతో పోల్చి చూస్తే, తేడా సముద్రంలో ఉందా మన మార్పిడిలో ఉందా అన్నది అప్పుడే తేలుతుంది.

రమణ: లోతు సరే, అక్షాంశాలు చూసుకున్నారా? 17 డిగ్రీల 30 నిమిషాల్ని 17.30 అని కొట్టేస్తుంటారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అసలు రావాల్సింది 17.50. ఆ ఒక్క చుక్కతో చోటు 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

అయ్యబాబోయ్, ఆ కాలమ్ ఇంకా తెరవలేదు. చూస్తాను. ఈలోగా శ్రీకాకుళం, నెల్లూరు వైపు వాళ్లుంటే చెప్పండి, మీ రేవుల్లో లోతుకి బారే అంటారా, ఇంకో మాట ఉందా?