పాత గిటార్: పాట్ వీపు మీద లెడ్ అంటుకోవడం లేదు

తెగిన తీగ (బెంగళూరు):
మా మామయ్య ఓడలో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న ఫెండర్ మస్టాంగ్ ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పుడు నా చేతికొచ్చింది. వైజాగ్‌లో పదేళ్లు అటక మీద పడుంది. యాంప్‌కి పెడితే ఒకటే హమ్. తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు. విప్పి చూస్తే వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే, తగ్గించే నాబ్ కింద ఉండే డబ్బా) వీపు మీంచి ఒక నల్ల వైరు ఊడి వేలాడుతోంది. వైర్లన్నిటికీ గుడ్డ తొడుగే. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే "లోపలంతా పీకేసి కొత్తది వేద్దాం" అన్నారు. మనసొప్పలేదు. ఎస్పీ రోడ్డులో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్ (వైర్లు అతికే టంకం) కొనుక్కొచ్చి నేనే కూర్చున్నాను. ఎంతసేపు పెట్టినా లెడ్ ఉండ్రాయిలా నిలబడుతోంది, గోరు తగిలితే ఊడొస్తోంది. ఇంకా వేడి పెడితే పాట్ పోతుందేమోనని టెన్షన్.

పాత రేడియో (చెన్నై):
తమ్ముడూ, పాట్‌ని చంపేది నీ చిన్న ఐరనే. పాట్ డబ్బా వేడంతా లాగేసుకుంటుంది, నువ్వేమో నిమిషాల తరబడి అదిమిపెట్టి లోపలి ట్రాక్‌ని ఉడకబెడుతున్నావు. 60 వాట్లది, వెడల్పు బిట్ (ఐరన్ మొన) ఉన్నది అడిగి తెచ్చుకో. మూడు నాలుగు సెకన్లలో పనైపోవాలి.

ముందు ఆ చోట మెరుపు వచ్చేదాకా సన్న ఎమెరీ పేపరుతో గీకు. ఆ పొడి పాట్‌లోకి పోకుండా చూసుకో. లెడ్ 60/40 (తగరం 60, సీసం 40 పాళ్లు), లోపల రోజిన్ (లెడ్ పట్టుకోడానికి సాయపడే గుగ్గిలం) ఉన్నదే కావాలి. అది 190 డిగ్రీల లోపే కరుగుతుంది. సీసం లేని రకానికి 220 దాకా కావాలి, పాత వైరింగుకి ఆ తిప్పలెందుకు? రేకులు అతికే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం దగ్గరికి రానీయకు, తర్వాత వైరును తినేస్తుంది. బిట్‌ని డబ్బాకి ఆనించి, లెడ్‌ని బిట్‌కి కాకుండా డబ్బాకి తగిలించు. అది నీళ్లలా పరుచుకోవాలి. అప్పుడు వైరు పెట్టి, ఆరేదాకా కదపకు.

గుడ్డ తొడుగుని కత్తితో కొయ్యకు. వేళ్లతో వెనక్కి తోస్తే అదే జరుగుతుంది, ఆ వైరు సుఖం అదే. బాగున్న జాయింట్ల జోలికి పోకు. నలభై ఏళ్లుగా రేడియోలు విప్పుతున్నాను, చెడింది ఒకటైతే బాగుచేసేవాడు చెడగొట్టినవి నాలుగుంటాయి.

పాట్ వీపు మీద అంకెలుంటాయి, గీకే ముందు ఫోటో తీసుకో.

వీకెండ్ బేస్ (బెంగళూరు):
చెయ్యి వేసినా హమ్ తగ్గడం లేదంటే తీగలకి గ్రౌండ్ (ఎర్త్ లాంటి కనెక్షన్) అందడం లేదు. ఆ నల్ల వైరు బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు ముక్క) నుంచి వచ్చేదే అయ్యుంటుంది. అతికాక మల్టీమీటర్‌తో బ్రిడ్జికీ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) బయటి కొసకీ మధ్య చూడండి, దాదాపు సున్నా ఓం రావాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, పనయ్యాక చేతులు కడుక్కోండి.

తెగిన తీగ:
అన్నా, 60 వాట్లతో ఒక్క దెబ్బకి పరుచుకుంది. మీటర్ 0.3 చూపించింది. ఇప్పుడు చెయ్యి వేస్తే హమ్ సద్దుమణుగుతోంది. అంకెలు 1376637. ఏమిటవి?

పాత రేడియో:
137 అంటే సీటీఎస్ కంపెనీ. 66 సంవత్సరం, 37 వారం. పాట్ అసలుదే అయితే గిటార్ అంతకన్నా పాతది కాదు. ఆ ఏడాది ఫెండర్ వాళ్లు ఈ పాట్లు కుప్పలుగా కొన్నారు, అందుకే 69 గిటార్లలో కూడా 66 పాట్లు కనిపిస్తాయి.

తెగిన తీగ:
మామయ్య ఊరందరికీ 64 మోడల్ అని చెప్పుకున్నాడు. ఆయనకింకా ఫోన్ చెయ్యలేదు.